మీటరమ్మ బూట్లు

నీళ్ళ మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగానికి ఆమె దరఖాస్తు పెట్టిందని తెలిసినప్పుడు నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఆమె భర్త, రెండోవాడు బూట్ల మేస్త్రి. మిగతావాళ్ళ నవ్వుకు కారణం లేకపోలేదు. ఆ ఉద్యోగమంతా నడకే. రోజుకు నూట ఇరవై ఇళ్ళు, ఎక్కి దిగాల్సిన మెట్లు, ఇరుకు సందులు, మూత ఎత్తి వంగి చూడాల్సిన మీటరు గుంటలు. ఆమెకేమో చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఎడమ కాలిని కుడి కాలికంటే నాలుగు వేళ్ళ మందం పొట్టిగా వదిలేసి పోయింది. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా ఎడమ చెయ్యి మోకాలికి ఆనించి, అడుగడుక్కీ వంగి లేస్తూనే నడిచింది.

"ఒక చెయ్యి మోకాలికే సరిపోతే పుస్తకం ఎవరు పట్టుకుంటారు, పెన్సిలు ఎవరు పట్టుకుంటారు?" అని ఇంటర్వ్యూలో అడిగారు.

"మోకాలి పని బూటు చూసుకుంటుంది సార్," అంది.

అప్పటికి ఆమె దగ్గర బూటు లేదు. చెయ్యాల్సిన మేస్త్రి పెద్దాసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉండేవాడు. కట్టుడు కాళ్ళకు తోలు పట్టీలు, వంకర పాదాలకు బూట్లు చెయ్యడం ఆయన పని. మనిషి పొట్టి, మాట కటువు. వేళ్ళు మాత్రం తోలును లేగదూడను నిమిరినట్టు నిమిరేవి. ఆమె కాలి కొలత ఆయన మూడుసార్లు తీసుకున్నాడు. ఒకసారి పొద్దున్నే, ఒకసారి సాయంత్రం, ఇంకోసారి ఆసుపత్రి ఆవరణ చుట్టూ నాలుగుసార్లు తిప్పించాక.

"ఒక్క కాలికి ఇన్ని కొలతలెందుకు మేస్త్రిగారూ?"

"పొద్దుటి కాలు వేరు, పొద్దుగూకే కాలు వేరు. నువ్వు రెండింటితోనూ నడవాలి కదా."

నలభై రోజులు పట్టింది. ముదురు గోధుమరంగు తోలు, సగం పిక్క దాకా ఎత్తు, ముందు లేసులు. కుడి బూటు మామూలుదే. ఎడమదాని అడుగున మాత్రం తోలూ బెండూ పొరలు పొరలుగా పేర్చి, అరగదీసి, పైనుంచి తోలు చుట్టి కుట్టాడు. దూరం నుంచి చూస్తే రెండింటికీ తేడా కనిపించదు. దగ్గరికొస్తే ఒకటి బూటు, ఇంకొకటి చిన్న మేడ.

అవి తొడిగి, షెడ్డు వరండాలో ఆ చివరి దాకా నడవమన్నాడు. మూడడుగులు వేసేసరికి ఆమెకు తెలిసింది, చెయ్యి మోకాలి మీద లేదని. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడుస్తుండగా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. వాటినేం చేసుకోవాలో తోచక రెండూ మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేస్త్రి లోపలికెళ్ళి పనిముట్లు సర్దుకున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల్లో ఆ పేట పేటంతా ఆమెను మీటరమ్మ అనడం మొదలుపెట్టింది. పుట్టినింటివాళ్ళు పెట్టిన పేరు జీతం రసీదు మీద తప్ప ఇంకెక్కడా వినపడకుండా పోయింది.

మొదటి వానాకాలంలోనే ఆ బూట్లను ఆమె దాదాపు చంపేసింది. ఒకరోజు జోరువానలో తడిసి ముద్దై ఇంటికొచ్చి, మర్నాటికి ఆరాలని పొయ్యి పక్కన పెట్టి పడుకుంది. తెల్లారి చూస్తే అవి చెక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. బలవంతంగా కాలు దూర్చి రెండడుగులు వేసేసరికి వేళ్ళ మడత దగ్గర తోలు ఎండిన పొలంలా నెర్రెలిచ్చింది. మేస్త్రికి చెప్పడానికి భయపడి, సొంత వైద్యం చేసుకుంది. వంటనూనె తెచ్చి బూట్ల నిండా దట్టించింది. పది రోజులు మెత్తగానే ఉన్నాయి. ఆ తర్వాత కంపు మొదలైంది. ఆ తర్వాత ఎలుకలొచ్చి ఎడమ బూటు నాలుకను సగం కొరికి పోయాయి.

అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి చూసింది. "ఇల్లన్నాక ఎలుకలుంటాయి అమ్మాయ్, కాదనను. విందు కూడా మనమే పెట్టాలా వాటికి?"

ఇక గత్యంతరం లేక బూట్లు సంచీలో దాచుకుని షెడ్డుకు వెళ్ళింది. మేస్త్రి బూటు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం నూనె?"

"వంటనూనె."

"తలుపు బందులకి వేసే నూనె నీ అన్నంలో పోస్తే తింటావా?"

ఆయన తిట్టడం అక్కడితో ఆపేసి, ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు.

ఆ ఆదివారం ఆమె షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని నేర్చుకున్నది తర్వాత ముప్పై ఐదేళ్ళు పనికొచ్చింది. మేస్త్రి ముందు లేసులన్నీ లాగేయించాడు. గట్టిగా పిండిన తడిగుడ్డతో బురద తుడిపించాడు. కుట్ల సందుల్లో ఇరుక్కున్న మట్టిని మెత్తటి బ్రష్షుతో తీయించాడు. లోపల కాగితం కుక్కి, గాలి తగిలే నీడలో పెట్టమన్నాడు. కాగితం తడిస్తే మార్చాలి. ఎండలో పెట్టకూడదు, పొయ్యి ఛాయలకే రానివ్వకూడదు.

"ఇది ఒకప్పుడు ఒంటి మీద ఉన్న చర్మం," అన్నాడు. "అప్పుడు దానికి కావాల్సిన జిడ్డు లోపల్నుంచి అదే పుట్టించుకునేది. ఇప్పుడు నువ్వు పెట్టాలి. తక్కువైతే పగులుతుంది. ఎక్కువైతే మెత్తబడి సాగిపోతుంది, కుట్టు దారం కుళ్ళుతుంది. పసిపిల్లకి పెట్టినట్టు పెట్టు, ఆకలి చూసి."

పశువుల కాలి ఎముకలు మరగించి తీసిన నూనె ఒక సీసాలో ఇచ్చాడు. రెండు మూడు చుక్కలు గుడ్డకు అద్ది రాసి, తోలు పీల్చుకునేదాకా ఆగి, అప్పుడు ఇంకో రెండు చుక్కలు. ఆ తర్వాత వాన మందు. తేనెమైనం ఒక పాలు, కరిగించి వడగట్టిన కొవ్వు రెండు పాళ్ళు, ఆ ఎముకల నూనె ఒక పాలు. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా వేడినీళ్ళలో నిలబెట్టి కరిగించాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే వేలితో తీసుకుని రాయాలి. గుడ్డతో కాదు, వేలితోనే. వేలి వేడికి అది తోలులోకి దిగుతుంది.

"అన్నిటికంటే ఎక్కువ ఇక్కడ," అని బూటు పైభాగం అడుగుతో కలిసే చోట కుట్టును గోటితో చూపించాడు. "నీళ్ళు తోలులోంచి రావు. దొంగ గోడ బద్దలుకొట్టుకుని వస్తాడా? కిటికీలోంచి వస్తాడు. ఈ కుట్టు రంధ్రాలన్నీ కిటికీలే. ఒక్కొక్కటీ మూసెయ్యి."

కొరికిన నాలుక తీసేసి కొత్తది కుట్టాడు. పగులును చూసి మాత్రం పెదవి విరిచాడు. "దీన్ని మాన్పలేను. పెరక్కుండా ఆపడమే. అది నీ చేతుల్లో ఉంది."

ఆ రోజునుంచి వానాకాలమైనా ఎండాకాలమైనా ఆదివారం పొద్దున ఆ ఇంట్లో బూట్ల పూట అయింది. భర్త ప్రెస్సులో యంత్రం నడిపేవాడు. అచ్చు పడని తెల్లకాగితం కత్తిరింపులు కట్టలుగా మోసుకొచ్చేవాడు. అచ్చుకాగితం కుక్కితే సిరా లోపలి తోలుకు అంటి మేజోళ్ళు నల్లబడతాయని కనిపెట్టింది ఆయనే. అత్తగారు మొదట్లో, "నా వంటింట్లో ఈ కొవ్వు కాగడానికి వీల్లేదు," అని పట్టుబట్టింది. పెరట్లో చిన్న పొయ్యి పెట్టుకుంటే, గాలికి మంట నిలవడం లేదని తనే వచ్చి అడ్డం నిలబడింది. ఇంకో నెలకు గరిటె అత్తగారి చేతిలోకి వచ్చింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. మా కోడలికి అడుసు తొక్కితేనే జీతం, ఏం చేస్తాం," అని పక్కింటివాళ్ళతో అంటూ మైనం కలియబెట్టేది. ఆ మాటలో దెప్పు తక్కువ, గొప్ప ఎక్కువ.

ఆమె ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట వాన పట్టినప్పుడు ఆఫీసుకు కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. ఆమె కాళ్ళవైపు చూసి, "ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఇలా తిప్పడం అన్యాయమమ్మా. ఆఫీసులో కూర్చుని రిజిస్టర్లు చూసుకోండి," అన్నాడు.

"నడిచే ఉద్యోగానికే తీసుకున్నారు సార్. నడుస్తాను," అంది.

ఆయన సరేనని వదిలేశాడు గానీ మనసులో వదల్లేదు. ఆ వారమే పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఎక్కడో మంచినీటి గొట్టంలోకి మురుగు కలుస్తోంది. సందులన్నీ చీలమండలు దాటి నీళ్ళు. ఎక్కడని వెతకాలి? ఇంజనీరు కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. దారి చూపడానికి మీటరమ్మ ముందు నడిచింది.

ఆ పేటలో ఏ మీటరు గుంట ఎక్కడుందో, దేనికి మూత లేదో ఆమెకు ఇంట్లో గిన్నెలు తెలిసినట్టు తెలుసు. నీళ్ళ కింద ఏమీ కనబడకపోయినా ఒకచోట ఎడంగా, ఒకచోట కుడిగా తిరుగుతూ పోయింది. ఇంజనీరు ఒక మలుపులో తొందరపడి అడ్డంగా అడుగేశాడు.

"అటు కాదు సార్, గుంట," అనేలోపే ఆయన తొడ దాకా దిగిపోయాడు. పట్టి లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. చెయ్యి పెట్టి దాన్ని తీసేసరికి లోపల బిందెడు నీళ్ళు.

ఆమె తన పాత పుస్తకం తీసింది. ఏ మీటరు దగ్గర అతుకు వదులుగా ఉందో, ఆఫీసులో ఎప్పుడు చెప్పిందో అందులో రాసుకుని ఉంది. అలాంటివి పేట మొత్తం మీద తొమ్మిది. మురుగుకాలవ పక్కనే ఉన్నవి అందులో మూడు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోది బట్టలుతికే షాపు వెనక. గుంటలో చెయ్యి పెట్టి తడిమితే అతుకు ఊడి ఉంది. సరఫరా ఆగినప్పుడల్లా గొట్టం ఆ మురుగును లోపలికి పీలుస్తోంది. మధ్యాహ్నం మూడింటికల్లా వాల్వు కట్టేశారు.

ఆఫీసు వరండాలో ఇంజనీరు బూటు తలకిందులు చేసి నీళ్ళు పారబోస్తుంటే, ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని తన లేసులు విప్పుకుంది. ఎడమ మేజోడు పొడిగా ఉంది. కుడిది బొటనవేలి దగ్గర తడిసింది. ఆమె కొంచెం సిగ్గుపడింది.

"ఎడమదాన్ని కన్నబిడ్డలా చూశాను సార్. కుడిదాన్ని సవతిబిడ్డను చేశాను. ఎంతైనా తప్పే."

ఇంజనీరు ఆ పొడి మేజోడువైపే చూస్తూ ఉండిపోయాడు. "ఆరున్నర గంటలు నీళ్ళలో," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. రిజిస్టర్ల మాట మళ్ళీ ఎత్తలేదు. దానికి బదులు ఇంకో పని చేశాడు. గొట్టాలు తవ్వేవాళ్ళకు ఏటా ఆఫీసువాళ్ళిచ్చే తోలు బూట్లు ఒక్క వానాకాలానికే తుక్కయ్యేవి. శనివారం మధ్యాహ్నం పంపు గదిలో వాళ్ళకు బూట్లకు మైనం పట్టించే పని నేర్పమని ఆమెను అడిగాడు.

ముప్పైమంది మగవాళ్ళు, చేతుల్లో ఒక్కొక్కటీ దోసెడు బురద పట్టిన బూట్లు, ఆడమనిషి ముందు బుద్ధిగా వరసలో కూర్చోవడం చూసి స్టోరు గుమాస్తా ముక్కున వేలేసుకున్నాడు. ఆమె ఎవరినీ పెద్దగా ఏమీ అనేది కాదు. బూటు తీసుకుని కుట్టు మీద గోరు పెట్టి, "ఇక్కడ కిటికీ తెరిచుంది బాబూ," అని తిరిగిచ్చేసేది. రెండేళ్ళు గడిచాక ఆ గుమాస్తాయే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ వల్ల నాకు పెద్ద చిక్కొచ్చి పడింది మీటరమ్మగారూ. ఏటా ముప్పై జతలు అడిగేవాణ్ణి, ఈసారి ఏడు అడిగాను. పైనుంచి ఉత్తరం వచ్చింది, మిగతా ఇరవై ముగ్గురు ఏమయ్యారని."

ఆమె ఉద్యోగంలో చేరిన పద్నాలుగో ఏట మేస్త్రి పోయాడు. అంతకు ముందే కళ్ళు మందగించి పని మానేశాడు. అయినా ఆమె రెండు నెలలకోసారి వెళ్ళి బూట్లు ఆయన ఒళ్ళో పెట్టేది. వేళ్ళతో తడిమి, మడత దగ్గర పాత పగులును వెతుక్కుని, "పెరగలేదు," అనేవాడు. అదే ఆయన ఇచ్చే మెప్పు. ఆయన పోయాక షెడ్డు కూలగొట్టారు. బూట్లు బిగించి కుట్టే చెక్క అచ్చులన్నీ ఆసుపత్రి బాయిలరులోకి పోయాయి. ఆమె కాలి అచ్చు కూడా అందులోనే. కొత్త భవనంలో తేలికపాటి ప్లాస్టిక్ జోళ్ళు చెయ్యడం మొదలుపెట్టారు. ఒక జత ఆమెకూ ఇచ్చారు. చేతిలో పట్టుకుంటే పువ్వులా ఉన్నాయి. మూడో నెల వానలో ఎత్తు మడమ ఊడి నడివీధిలో ఆమెను వదిలేసి కాలవలో కొట్టుకుపోయింది. మళ్ళీ పాత బూట్లే గతి అయ్యాయి.

అడుగు అరిగినప్పుడల్లా వేయించుకుంటూ, ఆదివారం తప్పకుండా మైనం పట్టిస్తూ ఇరవై రెండేళ్ళు లాక్కొచ్చింది. పైతోలు ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. కానీ లోపల ఎక్కడో, కంటికి కనబడని పొరల్లో, బెండు పొడై కుంగడం మొదలైంది. నడక ఒక పక్కకు ఒరిగింది. తుంటి నొప్పితో మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతుంటే పేటవాళ్ళే కుర్చీ తెచ్చి వేసేవారు.

ఆసుపత్రి కొత్త భవనంలో ఒక టెక్నీషియన్ అమ్మాయి ఉండేది. చదువుకుంది ప్లాస్టిక్ పని, మనసు మాత్రం తోలు మీద. ఆ బూటును తిప్పి తిప్పి చూసింది.

"ఇలాంటిది నేను చెయ్యగలనమ్మా. కానీ అచ్చు లేదు, కొలతల కాగితం లేదు. ఇది విప్పి చూస్తే గానీ లోపల ఆయన ఏం చేశాడో తెలియదు. విప్పితే మళ్ళీ కలపలేను."

మీటరమ్మ బూట్లు తొడుక్కుని ఇంటికొచ్చేసింది. వారం రోజులు ఆ మాట ఎత్తలేదు. ఆదివారం వచ్చింది. పొరల్లో కుళ్ళిపోతున్నదానికి పైన మైనం రాస్తూ కూర్చుంటే, మంచం దిగలేని స్థితిలో ఉన్న అత్తగారు అక్కణ్ణుంచే పిలిచింది.

"అమ్మాయ్, ఇన్నేళ్ళు ఆ కొవ్వు కంపు భరించాను. బూటు మీద ప్రేమతో అనుకున్నావా?"

"కాదత్తయ్యా."

"మరి ఇచ్చెయ్యి. కొయ్యనీ."

మర్నాడే తీసుకెళ్ళింది. దగ్గర కూర్చుని చూస్తానంది. టెక్నీషియన్ అమ్మాయి కత్తి పెట్టేముందు ఒకసారి ఆమె మొహం చూసింది. ఆమె తలూపింది. కుట్టు ఒక్కొక్కటే తెగుతుంటే, పంటి కింద రాయి పడ్డట్టు దవడ బిగించి కూర్చుంది. పైభాగం విడిపోయాక అమ్మాయి దారాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. తెంపబోతే తెగలేదు.

"ఇరవై రెండేళ్ళ దారం ఇది. ఎక్కడా కుళ్ళలేదు," అంది. వాసన చూసి మీటరమ్మకు అందించింది. మైనం వాసన.

బెండు మాత్రం గుప్పెడు పొడిగా రాలింది. దాని పైనున్న అట్టను తుడిచి చూస్తే పెన్సిలు గీతలు బయటపడ్డాయి. పాదం ఆకారం రెండుసార్లు గీసి ఉంది, ఒకదాని చుట్టూ ఒకటి. లోపలి గీత పక్కన 'పొ', బయటి గీత పక్కన 'సా'. అదేమిటో అమ్మాయికి అంతుపట్టలేదు. మీటరమ్మ ఒక్కో గీత మీదా వేలు పెట్టి, పొద్దుటి కాలు, సాయంత్రం కాలు అని చెప్పింది. అమ్మాయి ఆ అట్టను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

ఇరవై నాలుగు రోజులు ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. చెయ్యి మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది. వంటింటికీ పెరటికీ మధ్య ఆ పాత నడక నడుస్తుంటే, ఇలాగే బతికానా అని తనకే వింతగా అనిపించింది.

కొత్త జత వచ్చాక తొడుక్కుని ఒక పూట తిరిగింది. రెండో రోజు సాయంత్రానికే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది.

"ఎత్తు ఎక్కువైంది," అంది.

"వెంట్రుకవాసి తేడా లేదమ్మా. అచ్చం ఆయన కొలతే."

"అదేనమ్మా చిక్కు. ఆయన కొలిచింది ఇరవై మూడేళ్ళ పిల్లని. నా కుడి మోకాలు అప్పటినుంచి అరుగుతూనే ఉంది, ఆ కాలూ కాస్త పొట్టయింది. పాత బూటు నాతోపాటే అరిగింది కాబట్టి చాలాకాలం సరిపోయింది. ఇది నిన్న పుట్టింది, దీనికేం తెలుసు?"

అమ్మాయి నవ్వి, ఆమెను బల్ల మీద నిలబెట్టి, నడుము దగ్గర రెండువైపులా చేతులు పెట్టి సమం చూసింది. నిజమే. ఎడమ బూటు అడుగు ఊడదీసి ఒక తోలు పొర తప్పించింది. మళ్ళీ కుట్టేముందు మీటరమ్మ సంచీలోంచి డబ్బా తీసి, ఆ దారానికి మైనం తనే పట్టించింది, వేలితో. ఈసారి కుడి బూటుకు కూడా.

తొడుక్కుని వరండా ఆ చివరి దాకా వెళ్ళి వచ్చింది. ఇంకోసారి వెళ్ళి మెట్లు దిగి ఎక్కి వచ్చింది.

"ఎలా ఉంది?" అంది అమ్మాయి.

"గట్టిగా ఉంది. దారికొస్తుందిలే. పది రోజులు నడిచి చూసి చెప్తాను."

పదమూడేళ్ళు నడిచింది. ఉద్యోగం చాలించేనాటికి మొత్తం సర్వీసులో ఆమె వాడిన తోలు బూట్లు రెండే జతలు. విరమణ రోజున ఆఫీసువాళ్ళు ఆమెను కారులో ఇంటికి దింపుతామన్నారు. దారిలో నాలుగు మీటర్లు చూడాల్సినవి మిగిలిపోయాయని, పుస్తకం చంకన పెట్టుకుని, ఆమె నడిచే బయల్దేరింది.